మరిచిన దేవత

మలేషియాలోని ఇపో ఊళ్లో తెలుగువాళ్ల సభ ఏదైనా వందన సమర్పణ అప్పలసామి మాస్టారిదే. కళ్లజోడు సవరించుకుని ఆయన మడతల కాగితం విప్పగానే జనానికి నీరసం వస్తుంది. ప్రాచీన గ్రీకు కావ్యాలు చదివి ఆయనకో భయం పట్టుకుంది. వాటిలో ఒక రాజు దేవతలందరికీ బలులిచ్చి ఒక్క దేవతను మరిచిపోతే, ఆమె అతని తోటల మీదికి అడవిపందిని తోలిందట. ఆ కథ అందరికీ చెప్పి విసిగిస్తారు. కుర్చీలు వేసినవాళ్లనూ, తీసినవాళ్లనూ పేరుపేరునా తలిచేసరికి ముప్పావుగంట, సాంబారు చల్లారిపోతుంది. మొన్న ఉగాదికి కూడా అంతా చదివి, తృప్తిగా వేదిక దిగారు. పొద్దుటినుంచి రెండొందల మందికి వండిన భార్య పునిత కారు తాళాలతో ఎదురుగా నిలబడింది.

"నా పేరు సదివినావేటి?"

మాస్టారు కాగితం రెండువైపులా వెతికారు.

"పందిని పంపనులే. బస్సెక్కి రా లా," అని మలేషియావాళ్ల 'లా' ఒకటి చివర తగిలించి ఆమె వెళ్లిపోయింది.