పూల కోసం వేసిన కమ్మీ

లైసెన్సు కొత్తగా చేతికొచ్చిన ఆ రోజుల్లో నాకు రెండు గట్టి నమ్మకాలు ఉండేవి. మార్కాపురం మొత్తంలో నా అంత బాగా జీపు తోలేవాడు లేడనేది ఒకటి. మా చిన్నాయన జీపు ఏదో ఒకనాడు నన్ను కిందేసుకుని పడుకుంటుందనేది రెండోది. ఈ రెండూ ఒకదానికొకటి పొసగవని అప్పట్లో తట్టలేదు. టాపు లేని ఆ పాత జీపులో పలకల గనికి మంచినీళ్ల డబ్బాలు చేరవేయడం నా మొదటి ఉద్యోగం. గని దారి అంటే దారేమీ కాదు. తవ్వి పారబోసిన రాతి చెక్కల దిబ్బల మీద, ఒక పక్క చక్రాలు పైన, ఒక పక్క చక్రాలు కింద పెట్టుకుని, ఒంటి పిర్ర మీద కూర్చుని తోలాలి. బండి బోల్తా పడినా మనిషి నలగకుండా సీటు వెనక, తలకన్నా ఎత్తుగా, లావుపాటి ఇనప పైపును కమ్మీలా వంచి బిగిస్తారని ఎవరో చెప్పగా విని, మనకూ ఒకటి వేయించమని చిన్నాయనను అడిగాను.

"ఇన్నేండ్లలో బండి ఎప్పుడన్న పడిందా?" అన్నాడు.

"పడలేదు చిన్నాయనా."

"మరి పడని బండికి కమ్మీ ఏందిరా?"

(చావని మనిషికి మందెందుకు అన్నట్టుంది ఈ లెక్క. పైకి అనలేదు, ఉద్యోగం కొత్త.) వాకిట్లో కందులు చెరుగుతున్న అవ్వ చేట పక్కన పెట్టింది. "శుభం పలకరా మంకెన్నా అంటే ఇట్లనే పలుకుతారు ఈ కాలం పిల్లకాయలు! కమ్మీ పెడితే, రా, వచ్చి పడు అని పిలిచినట్టు కాదా? ముందర నిమ్మకాయ కట్టినాం గదా!" అంది. బంపరుకు వేలాడే నిమ్మకాయ, దిబ్బ మీంచి దొర్లేటప్పుడు నా మెడదాకా ఎలా వస్తుందో ఆవిడ వివరించలేదు. అలా నా తలకాయ సంగతి ఇద్దరు పెద్దలు కూర్చుని తేల్చేశారు. తలకాయ సొంతదారును ఎవరూ ఒక మాట అడగలేదు.

కొన్నాళ్లకు గిద్దలూరు నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. మేనల్లుడి పెళ్లికి జీపులో ఊరేగింపు కావాలట. బండి చుట్టూ తిరిగి పెదవి విరిచాడు. "అంతా బాగుంది గాని అన్నా, పూలు యాడ కడతాం? పిల్లోడు నిలబడితే దేన్ని పట్టుకోవాల?"

చిన్నాయన గడ్డం గోక్కున్నాడు. సందు దొరికింది కదా అని నేను దూరిపోయాను. "కమ్మీ ఒకటి వేస్తే సరి. సన్నది వద్దు చిన్నాయనా, ఊరేగింపులో వంగిందంటే మన పరువు ఏం గావాల?"

నా ప్రాణానికి దొరకని లావు పైపు పరువుకు వెంటనే దొరికింది. సాయంత్రానికల్లా వెల్డింగు దుకాణంలో జీపు అడుగు చట్రానికి బోల్టులు వేసి మరీ బిగించారు. అవ్వ తన చేత్తోనే దానికి పసుపు, కుంకుమ పెట్టింది.

ఊరేగింపు దివ్యంగా జరిగింది. మర్నాడు పూలు విప్పే ఓపిక లేక, పెళ్లికొడుకులాగే గనికి బయల్దేరాను. దిబ్బ మలుపులో చక్రం కింద రాళ్లు జారాయి. జీపు పడుకోబోయే గేదెలా తీరిగ్గా ఒరిగి, మరికాస్త ఒరిగి, తలకిందులై కమ్మీ మీద ఆగింది. కళ్లు తెరిచేసరికి నోటినిండా బంతిపూలు. మోచేతి తోలు తప్ప ఏమీ పోలేదు. బయటికి పాకి వెనక్కి తిరిగి చూశాను. సీటుకూ నేలకూ మధ్య మిగిలిన సందు సరిగ్గా నా తలకాయంత ఉంది. అప్పుడు భయం వేసింది. అక్కడే కూలబడి ఏడ్చాను.

కబురు విని చిన్నాయన చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చాడు. "కమ్మీ వంగిందేమో చూడరా, కంభంలో ఇంకో పెళ్లికి ఒప్పుకున్నా" అన్నాడు. అంటూనే రెండు చేతులతో నా తల, మెడ, భుజాలు తడుముతున్నాడు. కమ్మీ వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

మొన్న మా అబ్బాయి కొండలెక్కే బండి ఒకటి కొని, దానికి పైపుల చట్రం వేయిస్తానన్నాడు. "అది ఎప్పుడన్న పడిందా?" అని ఎవరో అన్నారు. చూస్తే, అన్నది నేనే. నాలో నేనే నవ్వుకుని, వాడి తల ఒకసారి నిమిరి, "సరే, లావుదే వేయించు. పూలు కట్టుకోవడానికి బాగుంటుంది" అన్నాను.