ఎవరి కుర్చీ వారే తెచ్చుకోవాలి

ఎనభైల్లో మా మామగారు నూజివీడులో వృద్ధుల సంఘం పెట్టారు. ఆయన మామిడికాయల వ్యాపారి. సీజన్ అయిపోతే మండీ షెడ్డూ ఖాళీ, ఆయన నోరూ ఖాళీ. ఆ రెండింటికీ పని కల్పించడానికే ఆ సంఘం పుట్టిందని నా నమ్మకం. అరవై దాటినవారెవరైనా రావచ్చు, పేదా గొప్పా తేడా లేదు అని షెడ్డు బయట బోర్డు రాయించారు. రోజూ సాయంత్రం ఒక శాస్త్రిగారు పురాణం చెప్పేవారు. మిగతావాళ్లు తమ బీపీల గురించీ షుగర్ల గురించీ చెప్పుకునేవారు.

నియమం మాత్రం ఒకటుంది. ఎవరి కుర్చీ వారే తెచ్చుకోవాలి. ఎంగిలి చేత్తో కాకిని తోలని మనుషులు, కుర్చీలు అద్దెకు తెస్తారా? పనివాళ్ల చేత నైలాన్ వైర్ల కుర్చీలూ పడక్కుర్చీలూ మోయించుకుని వచ్చేవారు. ఇంట్లో కుర్చీ లేని ముసలివాళ్లు కూడా ఊళ్లో ఉంటారని ఆ పెద్ద బుర్రల్లో ఒక్కదానికీ తట్టలేదు. ఆడవాళ్లకూ అరవై దాటుతాయన్నది అసలే తట్టలేదు. షెడ్డు వెనకే మా ఇల్లు. వాళ్ల కాఫీలు నా వంతు.

ఆగిరిపల్లిలో మా తోటకి ఒకాయన ఏళ్ల తరబడి కాపలా కాశాడు. మామగారి ఈడువాడే. చెవులు మందగించాయి, కోతులొచ్చినా వినపడటం లేదని ఆ ఏడు మాన్పించేశారు. నూజివీడులో కూతురి పంచన చేరాడు. భార్య ఎప్పుడో పోయింది. కూతురూ అల్లుడూ కూలికి వెళ్తే పగలంతా పలకరించే దిక్కు లేదు. పురాణమంటే ప్రాణం. కొన్నాళ్లు షెడ్డు గోడ బయట నిలబడ్డాడు గానీ, ఆ చెవులకి గోడ అవతలి మాట ఏం అందుతుంది? ముందుకొచ్చి కూర్చుంటే తప్ప ఒక్క ముక్క వినపడదు. బోర్డు మీద ఏముందో ఎవరి చేతో చదివించుకున్నాడు. పాపం, నమ్మాడు.

మర్నాడు పురాణం నడుస్తుండగా నెత్తిన నులక మంచంతో వచ్చాడు. ముందు వరసలో వాల్చి, తుండు పరుచుకుని కూర్చున్నాడు.

తోటలో మామగారు కనపడితే మంచం దిగి నిలబడే మనిషి, ఇప్పుడు ఆయన పక్కనే మంచమెక్కాడు.

"ఏరా, మంచం మోసుకొచ్చావేంట్రా?" అని అరిచారు మామగారు.

"కుర్చీ లేదండీ బాబూ. మా ఇంట్లో ఉన్నది ఇదేనండి."

రిటైరైన హెడ్మాస్టరుగారు గొంతు సవరించుకున్నారు. మంచం మీద కూర్చుని పురాణం వింటే దోషమట. ఆ మాట చెబుతున్నప్పుడు ఆయన పడక్కుర్చీలో కాళ్లు చాపుకుని ఉన్నారు. ముసలాయన చటుక్కున లేచి మంచం గోడకి ఆనించాడు.

"తప్పేనండి. దేవుడి మాట కదండీ, అందరం కిందే కూర్చుందామండీ" అని నేల మీద చతికిలబడ్డాడు.

అందులో వెటకారం లేదు. నిజంగానే అన్నాడు. ఒక్కరూ కుర్చీ దిగలేదు. ఆయనొక్కడూ నేల మీద కూర్చుంటే దోషం ఎవరిదో చెప్పకుండానే తెలిసిపోతోంది. అది వాళ్లకి కంటగింపైంది. ఇలాంటప్పుడు మా వాళ్ల బుర్రలు భలే పనిచేస్తాయి.

"నువ్వూ మన సంఘం మనిషివేరా. గేటు దగ్గరుండి చెప్పులు చూసుకో" అన్నారు మామగారు.

"అక్కడికి వినపడదండీ."

"కుక్కలొస్తే కనపడతాయి కదా!"

అందరూ నవ్వారు. తోట కాపలావాడికి కూడా మా సంఘంలో చోటిచ్చామని ఆ తర్వాత మామగారు కనపడిన ప్రతివాడికీ చెప్పుకున్నారు. వింటుంటే నాకు ఒళ్లు మండిపోయేది.

ఒక సాయంత్రం గేటు దగ్గరికి ఆయనకీ ఒక గ్లాసు కాఫీ తీసుకెళ్లాను.

"అమ్మాయిగారూ, మంచం తెచ్చిన రోజు ముందు కూర్చుని కాస్త విన్నానండీ, రాజు అడవిలో తప్పిపోయాడు కదండీ. చివరికి ఇల్లు చేరాడా అండీ?"

"నాకూ తెలీదు తాతా. పొయ్యి దగ్గరే ఉన్నాను."

"ఏంటండీ?" అని చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు.

గట్టిగా అరిచి చెప్పాను. షెడ్డులో పురాణం ఆగిపోయింది. పడక్కుర్చీలో గురక పెడుతున్న హెడ్మాస్టరుగారు ఉలిక్కిపడి లేచారు.

"ఎవరక్కడ? వినేవాళ్లని విననివ్వరేంటి!" అని కసిరారు మామగారు.