మామయ్యగారి కారుకు గాలి సంచులు

మా పాత కారు ఇప్పటికీ నల్లగండ్ల అపార్ట్‌మెంటు సెల్లార్‌లోనే ఉంది. కొత్త కార్ల మధ్య దాన్ని చూసి వాచ్‌మన్ కూడా నవ్వుతాడు. నవ్వుకోనీ, నాకేం! వెనక గాలి సంచుల్లో గాలి చూడ్డానికి డిక్కీ తెరిచిన ప్రతిసారీ, రెండేళ్ళ క్రితం పోయిన మా మామయ్యగారు గుర్తొస్తారు.

అసలది ఆయన కారే. ఏళ్ళ తరబడి లారీ నడిపి, చివరికి సొంతానికి కొనుక్కున్నారు. చూపు తగ్గాక తాళాలు నా చేతిలో పెట్టారు. తర్వాత ఆయన నడుముకు ఆపరేషన్ అయింది. ఇందులోనే ఇంటికి తీసుకొస్తుంటే ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా "అమ్మా" అన్నారు. అంతకుముందు ఆయన నోట ఆ మూలుగు నేనెన్నడూ వినలేదు.

ఇల్లు చేరగానే నా భార్య తేల్చేసింది. "నాయిన కూసోలేని బండి మనకెందుకు? ఆదివారం కొనేటోళ్ళు వస్తరు."

మామయ్యగారు గోడవైపు తిరిగి పడుకున్నారు.

నేను కంప్యూటర్ ముందు కూర్చునేవాణ్ణి, స్పానర్ సరిగా పట్టుకోవడం కూడా రాదు. అయినా పౌరుషానికి పోయి, కారు వెనక భాగం కుంగి కుదపకుండా స్ప్రింగుల లోపల అమర్చే రబ్బరు గాలి సంచులు తెప్పించాను. వాటి సన్నపైపులు డిక్కీలోకి లాగి, టైరుకు కొట్టినట్టే గాలి కొట్టాలి. శనివారం పొద్దున్నే సెల్లార్‌లో కారు ఎత్తాను. మామయ్యగారు నడుముకు బెల్టు కట్టుకుని లిఫ్టులో దిగొచ్చి, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నారు.

"జాకీని నమ్మకు అల్లుడా. స్టాండ్లు పెట్టినవా?"

"పెట్టానండీ."

"ఇంకోసారి చూడు. నీ గురించి కాదు, నా బిడ్డ గురించి నా ఫికర్."

స్ప్రింగులు ఊడదీసేసరికి మధ్యాహ్నమైంది, చేతులు గీరుకుపోయాయి. ఎలాగో సంచులు ఇరికించి, అన్నీ బిగించి గాలి కొడితే, కుంగిపోయిన వెనక భాగం మెల్లగా లేచింది. అప్పుడు చూడాలి ఆయన మొహం! చప్పట్లు కొట్టి, జేబులోంచి నల్లదారం తీశారు. కొత్త సామాను ఏది బిగించినా దిష్టిదారం కట్టందే ఆయన లారీ కదిలేది కాదట. నడుము వంగదు కాబట్టి, డిక్కీలో చేతికందిన ఎడమ పైపు మూతికి కట్టారు. లారీ డ్రైవర్ ముడి మరి, గట్టిగా బిగించారు.

ఆదివారం తెల్లారి చూద్దును కదా, కారు ఎడమవైపుకి కూలబడి ఉంది.

"ముసలి బండికి ఇయన్నీ ఎందుకంటే విన్నవా?" అంది నా భార్య. ఆమె తలంటుకు నానబెట్టుకున్న కుంకుడుకాయల గిన్నె ఎత్తుకుని కిందికి పరిగెత్తాను. పైపుల పొడుగునా నురగ పూస్తే, బుడగలు సరిగ్గా నల్లదారం దగ్గరే పొంగాయి. ముడి బిగువుకు పైపు పక్కకు ఒరిగి గాలి పోతోంది. నా వెనకే దిగొచ్చి కుర్చీలో కూర్చున్న మనిషికి ఆ మాట ఎలా చెప్పను? ఏమీ ఎరగనట్టు గుడ్డతో తుడవసాగాను.

"నాకు కనబడ్తలేదనుకున్నవా?" అన్నారు. లేచొచ్చి, ముడి తానే విప్పారు. "దీనికి నా దిష్టే తగిలింది పో!"

ఇద్దరం పడీపడీ నవ్వాం. పైపు చివర కోసి మళ్ళీ బిగించాను. ఎంతసేపు చూసినా ఈసారి బుడగ రాలేదు.

నా భార్యను బతిమాలి ముందు సీట్లో కూర్చోబెట్టాను. మామయ్యగారు వెనక కూర్చుని, ఆ సీటును రెండు చేతులతో పట్టుకుని కళ్ళు మూసుకున్నారు. మెల్లగా పోనిచ్చాను.

"గేటు కాడ బ్రేకర్ వస్తే జర ముందే చెప్పు, అల్లుడా."

"దాటేశామండీ మామయ్యగారూ."

ఆయన కళ్ళు తెరిచి వెనక అద్దంలోంచి చూశారు. సీటు మీది చేతులు మెల్లగా వదిలేశారు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. పక్కన నా భార్య ముక్కు ఎగబీల్చి ఫోన్ తీసింది.

"హలో, మీరు ఇగ రాకండి. బండి మా నాయినకు కావాలె."