కల్లూరు కాలువ మీద కప్పు వంతెన

కల్లూరు దగ్గర లారీ దిగేసరికి పగలు రెండు గంటలు. ఎండకు లారీ రేకు ముట్టుకుంటే చేయి కాలింది. మేం ఇంజనీరు దళం జవాన్లం ఆరుగురం, ఒక హవల్దారు, ఒక వైర్‌లెస్ సెట్టు. తుంగభద్ర కాలువ కొత్తగా పారుతున్న రోజులు. కాలువ మీది కల్వర్టు వానకు కొట్టుకుపోయింది. ఎనిమిది రోజుల్లో కొయ్య వంతెన కట్టాలని ఆర్డరు. తనిఖీలో పాసైతేనే సెలవులు. నాకు పెళ్లయి నలభై రోజులు.

ఆరో రోజుకే కట్టేశాం. మనుషులు దాటారు, సైకిళ్లు దాటాయి. ఊళ్లో పాలమ్ముకునే లింగమ్మ బర్రెలు పన్నెండూ దాటలేదు. పలకల సందుల్లోంచి నీళ్లు చూసి కాళ్లు బిగబట్టాయి. తోశాం. మా వడ్రంగి జవానుకు ఒక తన్ను తగిలింది. మేత అవతలి గట్టున ఉంది. అప్పటికే పాలు సగానికి పడిపోయాయి.

లింగమ్మ హవల్దారును నిలదీసింది. "ఏంది సారూ, కింద నీళ్లు గట్ల ఉరుకుతుంటే బర్రె ఎట్ల నడుస్తది? పక్కలకు గోడలు పెట్టి, మీద కప్పేయుండ్రి. కొట్టం అనుకొని పోతయి."

"ఆర్డర్లో కప్పు లేదమ్మా."

"బర్రెకు ఆర్డరు చదవొస్తదా?"

మిగిలిన పలకలతో గోడలు లేపాం. దూలాల మీద జొన్నచొప్ప కప్పాం. కింద మట్టి, గడ్డి పరిచాం. ఎనిమిదో రోజు పది గంటలకు మొదటి బర్రె వాసన చూసి లోపలికి నడిచింది. మిగతావి వెంట వెళ్లాయి. ఊరంతా ఈలలు వేసింది. లోపల చల్లగా ఉంది. మొదటిది పడుకుంది. తర్వాత అన్నీ పడుకున్నాయి.

సెట్టు గరగరలాడింది. "వంతెన పూర్తయిందా? ఓవర్."

మా ఆపరేటరు మావైపు చూశాడు. "పూర్తయింది సార్. లోపల జాగా లేదు. ఓవర్."

పదకొండుకు అవతలి గట్టు మీద, తనిఖీకి వచ్చిన మేజరు గారి జీపు ఆగింది. హారన్ కొట్టారు. ఒక బర్రె చెవి ఆడించింది.

"లేపమ్మా!" హవల్దారు బతిమాలాడు.

"పండుకున్నంక యాడ లేస్తయి సారూ? పొద్దు వాలనీ."

గంటసేపు చూసి, మేజరు గారు జీపు దిగి వంతెనలోంచి నడిచే వచ్చారు. దూలాలు తట్టి చూశారు. లింగమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి పాస్ చేశారు.

సెలవు దొరికింది. ఇంటికొచ్చాను. తర్వాత సరిహద్దులో చాలా ఏళ్లు పనిచేశాను. అయినా కళ్లు మూస్తే కనబడేది ఒకటే. ఆ పంజాబీ మేజరు గారు టోపీ చంకలో పెట్టుకుని, బర్రె వీపు మీద చేయి ఆనించి, అవతలి గట్టు పిల్లల దగ్గర అప్పుడే నేర్చుకున్న తెలుగులో ఎంతో మర్యాదగా, "జరుగమ్మా... కొంచెం జరుగు" అంటున్నారు.