త్రినాధరావు మసి

సత్తియ్య గరిటెతో పాకం ఎత్తి చూసి, దింపమంటే పెనం దింపాల్సిందే. కాస్త ఆగితే బెల్లం మాడుతుంది. మునగపాకలో ఆయన వాడలో గానుగలున్నవాళ్లందరికీ వంతులవారీగా ఆయనే వండేవాడు. సీజను చివర ఆయన అరెకరం చెరకుని త్రినాధరావు గానుగలో డబ్బివ్వకుండా ఆడించుకోవడం వాడుక. పెద్ద గానుగ త్రినాధరావుదే.

ఆ గానుగ పొయ్యిలో పాత టైర్లు కాల్చడం మొదలుపెట్టాక, మసి అందరి బెల్లం దిమ్మల మీదా పడింది. అనకాపల్లి మార్కెట్లో ఆ బెల్లాన్ని వర్తకులు పక్కకి తోసేశారు. దాంతో అందరూ కూర్చుని, ఎండిన చెరకు పిప్పి, ఆకు తప్ప ఇంకేదీ కాల్చకూడదని కట్టుబాటు చేసుకున్నారు. మొదటి మాట పెద్ద గానుగాయన చేత అనిపించడం అక్కడి పద్ధతి. త్రినాధరావే అన్నాడు కదా, ఇంక భయం లేదనుకున్నారు. అదే వాళ్ల పొరపాటు.

2001 మార్చి ఆఖర్లో అకాల వానకి పిప్పి తడిసింది. త్రినాధరావు పొయ్యి మళ్లీ నల్లగా పొగలు కక్కింది. అడగబోయినవాళ్లకి ఆయన పేపరు చూపించాడు. భూమి వేడెక్కకుండా పొగలు తగ్గించుకోవాలని దేశాలన్నీ క్యోటోలో చేసుకున్న ఒప్పందంలో తాను ఉండనని అమెరికా చెప్పేసిందట.

"అంత పెద్ద దేశమే మానేసింది. నన్నడగడానికొచ్చేరా?" అన్నాడు.

వెళ్లినవాళ్లలో ఇద్దరు నవ్వారు కూడా. అక్కడ వండడానికొచ్చిన సత్తియ్యకి ఒళ్లు మండింది. అందరికన్నా ఎక్కువ మసి పోసేవాడు మాట తప్పి, అదేదో తెలివైన పనైనట్టు చెప్పుకోవడమా? చేతిలో గరిటె పెనం పక్కన పెట్టేశాడు.

"టైర్లు తీసీవరకూ నీ పెనం కాడికి రాను బాబూ."

"మరి నీ చెరకెక్కడాడిత్తావు మామా? నెత్తి మీదెట్టుకుంటావా?"

"పులిసిపోతే పులిసిపోనీ."

సత్తియ్య చెరకు అప్పటికే కోసి కట్టలు కట్టి ఉంది. త్రినాధరావు పక్కూరి నుంచి వేరే మనిషిని తెచ్చుకుని వండించుకున్నాడు.

సత్తియ్య లోవలక్ష్మి దగ్గరికి వెళ్లాడు. అన్నిటికన్నా చిన్న గానుగ ఆమెది. ఆమె గుమ్మంలోనూ టైర్లు దిగి ఉన్నాయి.

"పెద్దోడే మాట తప్పేడు బావా. నేనొక్కద్దాన్నీ నిలబడితే మసి ఆగుతాదేటి?"

"ఆగదు. ఇప్పుడు ఒక్క పొయ్యి మసి. నువ్వెలిగిత్తే రెండు. మూడోవోడు నిన్ను సూపించి ఎలిగిత్తాడు."

లోవలక్ష్మి టైర్లు వెనక్కి తీసుకుపొమ్మని బండివాడికి కబురు పెట్టింది. సత్తియ్య చెరకు తన గానుగకే తెమ్మంది. ఆయన కోసం తన చెరకు వంతు ఆపుకుంది. అది చూసి, త్రినాధరావు మాటకి నవ్విన ఆ ఇద్దరే తమ పాకల్లో తడవకుండా మిగిలిన పిప్పి మోసుకొచ్చారు.

బెల్లం బంగారు రంగులో దిగింది. మసి మాత్రం గాలితో వస్తూనే ఉంది. దిమ్మల మీద తెల్ల పంచె పరిచారు. తప్పు ఒకడిది, కప్పుకోవలసింది వీళ్లు.

పొద్దు వాలాక సత్తియ్య నల్లబడ్డ ఆ పంచెని జాగ్రత్తగా మూట కట్టి తీసుకెళ్లి, త్రినాధరావు అరుగు మీద విప్పి దులిపాడు.

"నీదే బాబూ. ఉంచుకో."