ఓబులేసుకు రెండో వృత్తి ఇవ్వబోయి

ఆడుకునే పాచికలు నా ప్రాణం మీదికి తెచ్చాయంటే నమ్ముతారా? నమ్మండి.

కర్నూలులో మేడమీద అద్దెగదిలో ఉంటూ, ఆదివారాలు స్నేహితులతో పాచికలు వేసి కథ నడిపే ఆట ఆడేవాడిని. కథ చెప్పేది నేను. మిగతా అందరికీ తలా ఒక పాత్ర, పాత్రకొక వృత్తి: యోధుడో, దొంగో, మాంత్రికుడో. పాత్ర బలపడ్డాక రెండో వృత్తి కూడా తీసుకోవచ్చని ఆట పుస్తకం చెబుతుంది. నేను ఊరుకుంటానా? మా గదికి సొంత చట్టం చేశాను. రెండో వృత్తి కావాలన్నవాడు ఆ పని అందరి ముందూ నిజంగా ఒకసారి చేసి చూపాలి!

యోధుడి పాత్ర వేసే ఓబులేసు మాంత్రికుడు కూడా అవుతానన్నాడు. నిమ్మకాయలు, కుంకుమ తెచ్చి గది మూలలో ముగ్గేశాడు.

“మూలన పెడితే అదేం మంత్రమప్పా? కింద గడప ముందర పెట్టు,” అన్నాను. చూశారా నా తెలివి! ఆ గడప ఇంటి ఓనరు నారాయణమ్మది.

“ఆయమ్మ సూస్తే?”

“నిద్రపోతాండాది లేప్పా. పెట్టి, సూపిచ్చి, తీసేద్దువు.”

పెట్టాడు. మేం మెట్ల మీంచి మెచ్చుకునేలోపే తలుపు తెరుచుకుంది. నారాయణమ్మ కేకకు వీధి వీధంతా వచ్చింది. మేం గదిలోకి పరుగు.

“నా కొంపకే చేతబడి చేస్తారా! ఎవడో దొరకనీ, కాళ్లిరగ్గొట్టిస్తా!”

ఆమె పెద్దకొడుకు కట్టె పట్టుకుని నిలబడ్డాడు. కిటికీలోంచి చూస్తే ఆ కట్టె నా తొడంత లావుగా కనబడింది.

“సచ్చినాం రా,” అంటూ ఓబులేసు మంచం కిందికి దూరాడు. గది పోతే పోయె, కాళ్లు మిగలాలి కదా!

కింద నిమ్మకాయలను ముట్టే ధైర్యం ఎవరికీ లేదు. “మంత్రగాన్ని పిలిపిద్దాం. అంజనమేసి, పెట్టినోడి పేరు చెప్తాడు,” అన్నారెవరో. అంజనమనగానే భయంతో నాకు మతి పోయింది. గబగబా దిగి, నిమ్మకాయలన్నీ ఎత్తి జేబుల్లో కుక్కుకున్నాను. నోట్లో తెలిసిన దేవుళ్ల పేర్లన్నీ గొణుగుతున్నాను.

జనం రెండడుగులు వెనక్కి జరిగారు. పెద్దకొడుకు కట్టె కింద పెట్టాడు.

“సారుకు మంత్రాలొచ్చు!” అంటూ నారాయణమ్మ చేతులు జోడించింది. “సూడండప్పా, పెదాలు కదుల్తాండాయి!”

మర్నాడు తలుపు తీస్తే మెట్ల పొడవునా చంటిపిల్లల తల్లులు.

“మావోడు పాలు తాగట్లేదు సామీ, రొంత దిష్టి తియ్యి.”

కాదంటే నిజం చెప్పాలి, నిజం చెబితే కట్టె ఉండనే ఉంది. తీశాను.

అందుకే పాచికల మీద ఒట్టేసి చెబుతున్నాను: ఈ జన్మలో నా ఆటలో ఎవరికీ రెండో వృత్తి ఇవ్వను. నాకు తగులుకున్నదే ఇంకా వదలడం లేదు.