నీళ్లే ఎత్తుతాయి

ఆమె పాస్టరు చదువుకు సెమినరీలో చేరడానికి వెళ్లిన రోజున ఆఫీసు గుమాస్తా పెన్ను తీసి భర్త చేతికిచ్చాడు.

“ఇక్కడ సంతకం పెట్టండి పాస్టర్ గారూ.”

“పాస్టర్ కాబోయేది ఆవిడండీ. నేను పాస్టరమ్మని.”

గుమాస్తా నవ్వాలో వద్దో తెలియక నీళ్లు నమిలాడు. ఆమె మాత్రం పొట్ట పట్టుకుని మరీ నవ్వింది. అప్పటికి ఆ పొట్టలో ఏడో నెల.

మనిషి పొట్టి. బళ్లో లెక్కలు చెప్పే రోజుల్లో నల్లబల్ల పైభాగం అందక కుర్చీ ఎక్కి రాసేది. ఒకసారి తన క్లాసు పిల్లాడి తల్లి పోతే పలకరించడానికి వెళ్లి, గోడకు ఆనుకుని చాలాసేపు నిలబడి, నోట మాట పెగలక తిరిగొచ్చింది. “లెక్క తప్పితే దిద్దగలను. ఆ ఇంట్లో ఏం చెయ్యాలో నాకు తెలియలేదు. అది నేర్పే చోటుంటే నేర్చుకోవాలి,” అంది ఆ సాయంత్రం. సెమినరీలోది డిగ్రీ అయినవాళ్లనే చేర్చుకునే మూడేళ్ల చదువు. అనుకున్నదే తడవుగా ఉద్యోగం మానేసి చేరిపోయింది.

భర్తది ఊరి నీళ్లు పరీక్షించే ల్యాబులో పని. పగలంతా సూక్ష్మదర్శినిలో క్రిముల్ని చూసే మనిషికి ఇంట్లో గ్లాసెడు నీళ్లు చూసినా అనుమానమే. పాప పుట్టాక ఆ అనుమానానికి కాళ్లొచ్చాయి. తుమ్మితే భయం, తుమ్మకపోతే భయం. స్నానం నీళ్లలో థర్మామీటరు ముంచందే పిల్లను తొట్టిలో దించేవాడు కాదు. అలాంటివాడు ఆమెను చూసి ఆశ్చర్యపోయేవాడు. ఒక చేత్తో పాపను జో కొడుతూ రెండో చేత్తో బైబిలు చదువు కోసం గ్రీకు పుస్తకం పట్టుకునేది. వంటింటి అలమారా తలుపుల నిండా హీబ్రూ అక్షరాలు అతికించింది. పప్పు ఉడికేలోపు ఒక వరస వచ్చేసేది. మొదటి ఏడు ప్రసంగాల క్లాసులో ఆమె ఎంతకీ ఆపకపోతే పెద్ద ప్రొఫెసరమ్మ గారు చెయ్యెత్తి, “అమ్మాయ్, అందులో మూడు ప్రసంగాలున్నాయి. రెండు దాచుకో, కరువు రోజుల్లో పనికొస్తాయి,” అన్నారట. ఇంటికొచ్చి అది చెప్పి, తనే పగలబడి నవ్వింది. ఆ రెండూ నిజంగానే దాచుకుంది.

క్రేన్ డ్రైవరు ఒకతను రెండో ఏడు పరిచయమయ్యాడు. చదువులో భాగంగా ఆమె ఆసుపత్రి వార్డులకు వెళ్లేది. అతని భార్య చివరి రోజుల్లో ఉంది. మంచం పక్కన కొండంత మనిషి స్టూలు మీద ముడుచుకుని కూర్చున్నాడు. ఆమె ప్రార్థన చేద్దామా అని అడగబోయింది.

“ప్రార్థన తర్వాత చేద్దువుగానీ తల్లీ, ముందు ఆ ఫ్యాను ఆపించు. దీనికి చలేస్తోంది. ఎవరికి చెప్పినా వినడం లేదు,” అన్నాడతను.

ఆమె వార్డంతా తిరిగి, స్విచ్చు ఎక్కడుందో వెతికి ఆపి, అవతలి మంచాల వాళ్లకు సర్దిచెప్పి వచ్చి కూర్చుంది. ఆ తర్వాత రోజూ వెళ్లింది. భార్య పోయాక, అంతవరకూ చర్చి గేటు దగ్గర ఆవిణ్ణి దింపి బయటే బండి మీద కూర్చునే అలవాటున్న మనిషి, మెల్లగా లోపలికొచ్చి వెనక బల్ల మీద కూర్చోవడం మొదలుపెట్టాడు. చివరి ఏడు ఆమె అదే సంఘంలో పాస్టర్ గారి దగ్గర పని నేర్చుకుంటోంది. ఒక ఆదివారం అతను వచ్చి బాప్తిస్మం తీసుకుంటానన్నాడు. “ఇస్తే నువ్వే ఇవ్వాలి. వేరేవాళ్లయితే నాకొద్దు,” అన్నాడు.

సంఘపెద్ద బ్యాంకు మేనేజరుగా రిటైరైన మనిషి. సాహసాలు గిట్టవు.

“పిట్ట కొంచెం కూత ఘనం అంటారు, నిజమేనమ్మా. కూత వరకూ నాకు అభ్యంతరం లేదు. కానీ ఆయన్ని నీళ్లలో ముంచి తియ్యాలి. ఆయనేమో తాటిచెట్టు. మధ్యలో వదిలేశావంటే?” అన్నాడు.

“వదలను పెదనాన్నా.”

“చూద్దాం. నువ్వు ఈ పని చెయ్యగలవో లేదో సంఘానికీ తెలియాలిగా.”

మాట మెత్తగానే ఉన్నా అందులో ముల్లు ఎక్కడుందో భర్తకు తెలిసింది. ఏడాది చివర ఆమెను పాస్టరుగా పెట్టుకోవాలా వద్దా అన్నది ఈ సంఘమే తేలుస్తుంది.

సెమినరీలో బాప్తిస్మం ఇవ్వడం ముందు పొడి నేల మీదే నేర్పుతారు. పరుపు పరిచి, ఒకరిని నిలబెట్టి, ముక్కు మూసుకున్న వాళ్ల చేతుల మీద ఒక చెయ్యి, మెడ వెనక ఒక చెయ్యి వేసి, మోకాళ్లు వంచమని చెప్పి వెనక్కి వాల్చాలి. “నువ్వు ఎత్తక్కర్లేదు. నీళ్లే ఎత్తుతాయి. నువ్వు తొందరపడకపోతే చాలు,” అన్నారు ప్రొఫెసరమ్మ గారు.

ఆ పాఠం ఇంటికొచ్చింది. హాల్లో పరుపు మీద భర్త దబ్బున పడ్డాడు.

“నాన్న మళ్లీ పడాలి!” అని చప్పట్లు కొట్టింది మూడేళ్లు నిండని పాప.

“నీళ్లలో మనిషి బరువు చాలావరకు తేలిపోతుంది,” అన్నాడు భర్త నడుము పట్టుకుని లేస్తూ. “ఛాతీ దాకా నీళ్లుంటే లెక్క వేసి చూపిస్తాను, ఆయన నీకు మూటంత కూడా ఉండడు.”

“నా భయం ఆయన బరువు గురించి కాదు సైంటిస్టు గారూ,” అంది ఆమె. “చిన్నప్పుడు పెద్ద పిల్లలు ఆయన్ని కాలవలో మెడ పట్టుకుని ముంచి, ఆటకోసం వదల్లేదట. మొన్న చెప్పాడు. అంత ఎత్తున కూర్చుని ఇనుము ఎత్తే మనిషి, మెడ మీద చెయ్యి పడితే మాత్రం వణికిపోతాడు. మాకు నేర్పిందేమో మెడ మీద చెయ్యి వెయ్యమని.”

“మరైతే నెత్తిన నాలుగు చుక్కలు చల్లితే పోలా?”

“అడిగాను. మా ఆవిడ మునిగింది, నేనూ మునుగుతానన్నాడు.”

భర్త పరుపు చుట్టి మూలన పెట్టాడు. స్నానాలగదిలోకి వెళ్లి పాప నీళ్లలో థర్మామీటరు పెట్టాడు. తల మీద నీళ్లంటే పాప ఇల్లెగిరిపోయేలా ఏడ్చేది. అతను పోస్తే ఇప్పటికీ అంతే. ఆమె పోస్తే ఏడవదు. ఆమె మణికట్టును పాప రెండు చేతులతో పట్టుకుంటుంది. “ఊఁ” అంటేనే చెంబు వంగుతుంది. గుప్పిట బిగిస్తే ఆగిపోతుంది. అది అతను రోజూ చూసేదే. అందుకే అంతగా పట్టించుకోలేదు.

ఆదివారం వచ్చింది. చర్చిలో బాప్తిస్మం తొట్టి నీళ్లు బాగున్నాయో లేదో భర్త ముందే చూసుకున్నాడు, ఎవరూ అడగకపోయినా. మొదటి వరసలో పాపను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఆమె మెట్లు దిగింది. నీళ్లు ఆమెకు ఛాతీ దాకా వచ్చాయి. వెనకే తెల్లబట్టల్లో క్రేన్ డ్రైవరు దిగి, ఆఖరి మెట్టు మీద ఆగిపోయాడు. కమ్మీ పట్టుకున్న వేళ్లు తెల్లబడ్డాయి. పాట అయిపోయింది. ఎవరో దగ్గారు.

“ముందే చెప్పాను,” అన్నాడు సంఘపెద్ద. గుసగుసే, కానీ వెనక బల్లదాకా వినిపించింది. పాస్టర్ గారు తనే దిగుదామని చెప్పులు విడవబోయారు.

ఆమె మాత్రం అటు చూడలేదు. రెండు చేతులూ నీళ్లలోంచి తీసి, ఒక మణికట్టు అతని ముందుకు చాపింది.

“నేను నిన్ను పట్టుకోను మావయ్యా. నువ్వే నన్ను పట్టుకో. మెడ జోలికి రాను. వీపు కింద ఒక్క అరచెయ్యి ఉంటుంది, అంతే. నువ్వు ఊఁ అంటే వాలుదాం. గట్టిగా నొక్కితే లేద్దాం.”

“నేను ఊఁ అనకపోతే?”

“ఇలాగే నిలబడదాం. నాకేం పనుంది ఇవాళ?”

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. అతనూ నవ్వబోయి, కమ్మీ వదిలి ఆ సన్నని మణికట్టును పట్టుకున్నాడు. దిగాడు. ఇద్దరూ ఊరికే నిలబడ్డారు. ఎదురుచూపు సాగి సాగి, అందరికీ ఇబ్బందిగా మారి, ఆ ఇబ్బంది కూడా దాటిపోయింది. ఆమె ముఖంలో తొందర లేదు. స్నానాలగదిలో పాప ముందు కూర్చున్నప్పటి ముఖమే అది.

“ఊఁ,” అన్నాడు క్రేన్ డ్రైవరు.

ఆమె తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామమున అంటుండగా అతను మోకాళ్లు వంచి వాలాడు. నీళ్లు అతని మీద మూసుకున్నాయి, వెంటనే విచ్చుకున్నాయి. ఆమె ఎత్తాల్సిన అవసరమే రాలేదు. లేచిన ఊపుకు తొట్టి పొర్లి, మొదటి వరస పాదాలన్నీ తడిశాయి. సంఘపెద్ద బూట్లు మరీను. క్రేన్ డ్రైవరు చంటిపిల్లాడిలా ఏడుస్తూ నవ్వుతూ నిలబడ్డాడు. ఆ మణికట్టు మాత్రం వదల్లేదు. మెట్లెక్కి పైకొచ్చేదాకా వదల్లేదు.

తర్వాత బట్టలు మార్చుకునే గది తలుపు దగ్గర ఆమె చెయ్యి చూసి భర్త కంగారుపడ్డాడు. ఎర్రగా అయిదు వేళ్ల అచ్చు. ఐసు తెస్తానన్నాడు. “ఉండనీ,” అంటూ ఆమె లోపలికెళ్లింది.

సంఘపెద్ద తడి బూట్లు చేత్తో పట్టుకుని అటుగా వచ్చాడు. “ఆవిడతో చెప్పవయ్యా. వచ్చేసారి తొట్టి చుట్టూ ఇంకాసిని తువ్వాళ్లు పరిపించాలి,” అని వెళ్లిపోయాడు.

ఆ మాటలో ‘వచ్చేసారి’ అన్నది భర్త మనసులో మళ్లీ మళ్లీ తిరిగింది. పాపను భుజం మీదికి ఎత్తుకుని అక్కడే నిలబడ్డాడు. ఇంతలో ఒక ముసలావిడ కర్ర ఊతంగా వచ్చి, ఆ గది తలుపు వైపు చూస్తూ, “పాస్టర్ గారెక్కడ నాయనా? మా మనవరాలి గురించి ఒక మాట చెప్పుకోవాలి,” అంది.

‘నేను పాస్టరమ్మని’ అన్న పాత పరాచికం నాలుక చివరిదాకా వచ్చింది. అతను దాన్ని మింగేశాడు.

“లోపల బట్టలు మార్చుకుంటున్నారమ్మా,” అన్నాడు. “కూర్చోండి. ఇప్పుడే వస్తారు.”